కాయితాల మడి

అరవై తొమ్మిది గాలివాన వెళ్ళాక వచ్చిన చలికాలంలో మా చిన్నవాడు వీరాస్వామి ఉల్లిమళ్ళలో దేవుళ్ళను బోర్లా పడుకోబెట్టాడు. ఇంకొకడికైతే అలాంటి బుద్ధి పుట్టదు. పుట్టినా, తల్లి కళ్ళెదుట ఆ పని చెయ్యడానికి జంకుతాడు. వీడు జంకడు. చిన్నప్పటినుంచీ నా తిట్లు వాడికి వాన చినుకులు. తుడుచుకుని తన పని తాను చూసుకుంటాడు.

మాది రేపల్లె దగ్గర నగరం అనే ఊరు. మా ఆయన పోయాక అక్కడి మాగాణి పెద్దవాడి వంతుకు వెళ్ళింది. బాపట్ల పక్కన సముద్రం వైపు ఉన్న ఇసుక చెక్క చిన్నవాడికి వచ్చింది. నేను చిన్నవాడితో వచ్చేశాను. వరి పండే చోటు వదిలి ఈ ఇసుకలోకి ఎందుకొచ్చావు బసవమ్మా అని ఎవరైనా అడిగితే, గాలి బాగుంటుందని చెప్పేదాన్ని. గాలి కోసం ఎవరైనా వస్తారా? నేను వచ్చింది చిన్నకోడలి కోసం.

కోడలి పేరు వసుంధర. పొన్నూరు పిల్ల. ఎనిమిదో క్లాసు వరకు చదివింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మాటకు మాట చెప్పదు. నాలాంటి నోరున్న అత్తకు నోరులేని కోడలు దొరికిందని మావాళ్ళు నవ్వారు గాని, నోరులేని మనిషితో వేగడం ఎంత కష్టమో వాళ్ళకేం తెలుసు? తిడితే తిరిగి తిట్టే మనిషైతే లోపల ఏముందో బయటపడుతుంది. ఈ పిల్ల మనసులో ఉన్నది కనిపెట్టాలంటే చేతులు చూడాలి, ముఖం చూడాలి, ఎంత అన్నం తిన్నదో చూడాలి. అలా చూస్తూ చూస్తూ నాకు ఆ పిల్ల మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది. పైకి మాత్రం తిడుతూనే ఉండేదాన్ని. నోటికి అలవాటు.

అప్పటికి రెండుసార్లు వసుంధరకు కడుపు నిలిచినట్టే నిలిచి, నెలలు నిండకుండా పోయింది. ఆ ఏడు మూడోసారి నెల తప్పింది. తెనాలి తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించాం. ఆవిడ పిల్లను పరీక్ష చేసి, బయటకొచ్చి నాతో ఒకటే మాట అంది.

"పెద్దమ్మగారూ, మీ కోడలు బరువు ఎత్తకూడదు. నీళ్ళ బిందె నడుమున పెట్టిందంటే మాత్రం ఈసారి కూడా దక్కదు. ఆ పూచీ మీదే."

"నా ప్రాణం అడ్డం వేస్తానండి" అన్నాను. అని బస్సెక్కాను గాని, దారి పొడుగునా నాకు కడవలే కనిపించాయి. ఎందుకంటే మా సేద్యమంతా కడవల మీదే నడుస్తుంది.

మా ఇసుకలో కాస్త లోతుగా గుంట తవ్వితే చాలు, తియ్యటి నీళ్ళు ఊరతాయి. దాన్ని దొరువు అంటాం. ఇసుకలోనే వాలుగా చెక్కిన దారిన దిగి, కడవలు ముంచుకుని, పైకెక్కి, మొక్కల మీద వొంపుకుంటూ నడవాలి. పొద్దునా అంతే, సాయంత్రమూ అంతే. కరెంటు మోటార్లు మావైపు అప్పటికింకా రాలేదు. పోసిన నీళ్ళు పోసినట్టే ఇసుకలోకి జారిపోతాయి. మర్నాడు చూస్తే, నిన్న నీళ్ళు పోశామా లేదా అని మనకే అనుమానం వస్తుంది.

పైగా వీరాస్వామి ఆ ఏడు తియ్య ఉల్లి వెయ్యాలని పట్టుబట్టాడు. తెనాలిలో జనార్దనరావుగారని ఒక హోటలాయన ఉన్నాడు. పెసరట్టు మీద పచ్చి ఉల్లి చల్లితే తినేవాళ్ళకు కళ్ళనీళ్ళు వస్తున్నాయట. కొరికితే తియ్యగా ఉండే తెల్ల ఉల్లి పండించి తెస్తే ఏటేటా తానే తీసుకుంటానన్నాడు. ఇసుక నేలలో ఉల్లి తియ్యగానే ఊరుతుంది. కానీ నీరు ఒక పూట తప్పిందా, దానికి కోపం వచ్చేస్తుంది. ఘాటెక్కిపోతుంది. ఈ విషయంలో ఉల్లికీ నాకూ పెద్ద తేడా లేదు. తియ్యగా ఉండాలంటే దాని వేళ్ళ దగ్గర తడి ఎప్పుడూ ఒక్కలాగే ఉండాలి. ఆ పంటే మా ఏడాది తిండి.

అంతకుముందు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మోసేవారు. ఇప్పుడు వాడొక్కడే మొయ్యాలి. నా మోకాళ్ళు దొరువులోకి దిగనివ్వవు. నారు నాటకముందే, ఒక్క నారుమడికి మోసేసరికే వాడి అరచేతులు బొబ్బలెక్కాయి. వసుంధర ఆ చేతులకు వెన్న రాస్తూ, మూల బోర్లించిన తన కడవ వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

అదిగో, అప్పుడు ఎక్కడినుంచో సినిమా వాల్‌పోస్టరు ఒకటి ఎగిరొచ్చి మా నారుమడి పక్కన ఇసుకలో పడింది. కొన్నాళ్ళు అలాగే ఉంది. ఒకరోజు వీరాస్వామి దాన్ని లేవదీసి, అక్కడే గొంతుక్కూర్చుండిపోయాడు.

"అమ్మా, ఇలా రా. చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. చుట్టూ ఇసుక పొడిపొడిగా ఎగురుతుంటే, ఆ కాగితం కింద మాత్రం చల్లగా, చెమ్మగా ఉంది. ఒక్క కలుపు మొక్క కూడా లేవలేదు.

గడ్డి పరవచ్చు కదా అని మీరు అడుగుతారు. ఇసుకలో వరి ఎక్కడిదండీ, గడ్డి రావడానికి? నగరంలో పెద్దవాడి గడ్డివాము ఉంది గాని అది వాడి గొడ్లకే చాలదు. పశువు నోటి దగ్గర గడ్డి లాక్కొచ్చి నేల మీద పరవడం నాకు ఇష్టం లేదు. వాడు అడగనూ లేదు. మర్నాడే బస్సెక్కి రేపల్లె వెళ్ళాడు. అక్కడ టూరింగ్ టాకీసు గేటు దగ్గర టిక్కెట్లు చింపే మత్తయి వీడికి స్నేహితుడు. గాలివానకు ఆ టాకీసు డేరా చిరిగి ఆట మూతపడింది. పాత వాల్‌పోస్టర్ల కట్టలు మత్తయి ఇంట్లో అటక మీద మూలుగుతున్నాయి. వాటిని బస్సు టాపు మీద వేసుకుని తెచ్చి, మళ్ళలో నారు వరసలకు మధ్య ఒకదాని పక్కన ఒకటి పరిచి, అంచుల మీద ఇసుక కప్పాడు.

నేను పొద్దున్నే వెళ్ళి చూస్తే పొలం నిండా దేవుళ్ళు. అన్నీ పౌరాణికాలే! కిరీటాలు, శంఖాలు, చక్రాలు, వాటి పక్కన ఇంతింత లావు అక్షరాలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంట్రా ఇది?"

"కప్పు అమ్మా. ఎండ తగలదు, తడి ఆరదు, కలుపు లేవదు. పంట చేతికొచ్చేసరికి కాయితం ఇసకలో కలిసిపోద్ది. తీసే పని కూడా లేదు."

"దేవుడి మొహం మీద నడుస్తావా? అక్షరాల మీద నడుస్తావా?"

వాడు సాయంత్రానికల్లా అన్నిటినీ తిరగేశాడు. బొమ్మ కిందికి, తెల్ల వైపు పైకి. దేవుళ్ళందరూ బోర్లా పడుకున్నారు. నేను ఇంకా మండిపడ్డాను.

"తిరగేస్తే సరస్వతి కాకుండా పోద్దా? ఎనకనుంచి అక్షరాలు కనపడుతున్నాయి కదరా!"

"పాత పంచాంగం ఏం చేస్తావే నువ్వు? కాలవలో వెయ్యవా? అది మాత్రం మట్టిలో కలవదా?"

"కాలవలో ఏస్తాం. కాళ్ళ కింద ఎయ్యం."

"అయితే నువ్వు గట్టు మీదే కూర్చోమ్మా. నీ కోడలు కడవ ఎత్తకూడదా, ఎత్తాలా? అది చెప్పు ముందు."

నాకు కోపం రెట్టింపయింది. గట్టు మీద తాటాకు పాకలో కూర్చుని, అక్కడినుంచే వాణ్ణీ, మత్తయినీ, టాకీసునూ కలిపి తిట్టాను.

నాకు అక్షరం ముక్క రాదు. చదువుకున్నవాళ్ళకు ఏ కాగితంలో ఏముందో తెలుస్తుంది కాబట్టి, దేనికి దణ్ణం పెట్టాలో దేనికి అక్కర్లేదో తెలుస్తుంది. నాకు తెలియదు కాబట్టి అన్నిటికీ పెడతాను. బస్సు టిక్కెట్టు కాలికి తగిలినా తీసి కళ్ళకద్దుకుంటాను. అలాంటిదాన్ని ఆ మళ్ళలో ఎలా కాలు పెడతాను? ఊళ్ళో దానికి కాయితాల మడి అని పేరు పెట్టారు. నాకైతే అది ఆచారం మడే. నేను తాకకూడదు, లోపలికి పోకూడదు.

కాగితాల సందుల్లో మొక్కల మొదళ్ళ దగ్గర లేచిన కాస్త కలుపు తియ్యడానికి బదులు పనికి వచ్చిన ఆడవాళ్ళకూ మొదట కాళ్ళు ఆడలేదు. అడుగు వెయ్యడం, వంగి కాగితాన్ని తాకి కళ్ళకద్దుకోవడం, మళ్ళీ అడుగు. తర్వాత తర్వాత భక్తి తగ్గి సరదా ఎక్కువైంది. నాగమ్మ అయితే కలుపు వదిలేసి, కింద ఎవరి బొమ్మ ఉందో చూద్దామని ప్రతి కాగితమూ ఎత్తేది. "ఇక్కడ కృష్ణుడున్నాడు పిన్నీ!" అని నాకు గట్టు మీదికి కేక వేసేది. నవ్వాపుకోలేక నేను ముఖం తిప్పుకునేదాన్ని.

వసుంధర ఏంచేసేదంటే, పొద్దున్నే మడి అంచున నిలబడి ఒక్కసారి దణ్ణం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది.

"ఒక్క దణ్ణం రోజంతటికీ సరిపోద్దా?" అన్నాను వెటకారంగా.

ఆ పిల్ల నెమ్మదిగా అంది. "భూదేవి కూడా దేవతే కదండి అత్తయ్యా. లేవగానే ఒక్క దణ్ణం పెట్టుకుని రోజంతా తొక్కుతాం. అలాగే అనుకున్నాను."

అంత పొడుగు మాట ఆ పిల్ల నోట వినడం నాకదే మొదలు. మంచం దిగగానే భూదేవికి దణ్ణం పెట్టే అలవాటు నాదే. నా దగ్గర నేర్చుకుని నాకే చెప్పింది. అయినా నేను లోపలికి మాత్రం వెళ్ళలేదు.

కాగితం పని చేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? రోజుకు రెండు పూటలా పొయ్యాల్సిన నీళ్ళు రెండు మూడు రోజులకు ఒకసారికి వచ్చాయి. వాడొక్కడే పోసుకోగలిగాడు. మొక్కలు నిటారుగా లేచాయి. నేను పాకలో కూర్చుని, కోడలు ఏ బరువూ ఎత్తకుండా కాపలా కాస్తున్నాననుకుని, మనసులో వేలు మడిచి నెలలు లెక్కపెట్టుకునేదాన్ని. ఐదో నెల వచ్చింది. ముందు రెండుసార్లూ ఐదు దాటలేదు.

అయితే పోస్టర్లు అన్ని మళ్ళకూ చాలలేదు. అవతల కొసన, దొరువు పక్కన, సరుగుడు చెట్ల వరసకు ఇవతల, నాలుగు వరసలు బోడిగా మిగిలిపోయాయి. వాటికి కప్పు లేదు కాబట్టి పాత లెక్కే, పూటపూటా నీళ్ళు కావాలి. వీరాస్వామి ఒక సాయంత్రం అన్నం తింటూ, "ఆ నాలుగు వరసలూ వదిలేద్దాం. పోతే పోనీలే" అన్నాడు. వసుంధర వాడికి మజ్జిగ పోస్తోంది. చెయ్యి ఆగి, మళ్ళీ పోసింది. నేను చూశాను గాని, పట్టించుకోలేదు.

పుష్యమాసంలో ఒకరోజు వీరాస్వామి జనార్దనరావుగారితో మాట్లాడి రావడానికి తెనాలి వెళ్ళాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాయి. నాకు రోజూలాగే పాకలో కునుకు పట్టింది. లేచేసరికి వసుంధర పక్కన లేదు. కళ్ళు నులుముకుని చూస్తే, పొలం అవతల కొసన చెంగు ఒకటి కదిలింది. దొరువులోకి దిగింది. కాసేపటికి పైకొచ్చింది. నడుమున కడవ.

"ఒసేవ్! దించు!" అని అరిచాను. సముద్రపు గాలి నా మీదికే కొడుతోంది. నా కేక నాకే వినిపించింది. ఆ పిల్ల వంగి, ఒక వరసలో నీళ్ళు వొంపి, మళ్ళీ దొరువు వైపు తిరిగింది. అప్పుడు అర్థమైంది నాకు. చీర కుచ్చిళ్ళు రోజూ ఎందుకు తడుస్తున్నాయో, సాయంత్రాలు నడుము పట్టుకుని ఎందుకు కూర్చుంటోందో. అత్త మడిలో కాలు పెట్టదని దానికి తెలుసు. తను కడవ ఎత్తకూడదని మొగుడు పరిచిన కాగితాన్నే కంచె చేసుకుని, దాని అవతల కడవ ఎత్తుతోంది.

చుట్టూ తిరిగి వెళ్ళాలంటే సరుగుడు చెట్ల వెనకనుంచి చాలా దూరం. ఈలోగా ఇంకో కడవ, ఆ పైన ఇంకో కడవ. నేను లేచాను. చీర ఎగదోపుకుని అడ్డంగా నడిచాను. నడిచానో పరుగెత్తానో, మోకాళ్ళు ఆ రోజు నన్నేమీ అడగలేదు. కళ్ళు మాత్రం ఆ పిల్ల నడుము మీదనుంచి తియ్యలేదు.

దొరువు గట్టున ఎదురుపడ్డాం. నన్ను చూసి బిగుసుకుపోయింది. నిండు కడవ.

"దించు."

"ఇదొక్కటే అత్తయ్యా. ఇదయితే అయిపోయినట్టే."

"దించవే!"

నేనే లాక్కుని ఇసుకలో కుదేశాను. సగం నీళ్ళు నా మీదే పడ్డాయి. తిట్టడానికి నోరు తెరిచాను. ఎన్నెన్ని తిట్లో వరసగా నాలుక మీద నిలబడి ఉన్నాయి.

"ఆ డాక్టరమ్మ ఏం చెప్పిందే నీకు? నాలుగు వరసల ఉల్లి ఎక్కువయిందా? పోతే పోనీలే అన్నాడు కదే నీ మొగుడు!"

"అదే అన్నారు" అంది వసుంధర. దాని గొంతు నేను ఎరిగిన గొంతులా లేదు. "మొదటిసారి కూడా అదే అన్నారు. రెండోసారి కూడా. పోతే పోనీలే, మళ్ళీ నిలుస్తుందిలే అని. ఆయన అన్నారు, మా అమ్మ అంది, మీరూ అన్నారు. మంచికే అన్నారు, నాకు తెలుసండి. కానీ నేను పోనియ్యలేదు అత్తయ్యా. నేను పోనివ్వకుండానే పోయాయి. నా చేతిలో ఏమీ లేదు అప్పుడు. వీటికైతే నీళ్ళు పోస్తే లేస్తున్నాయి. వాడిపోయినవి కళ్ళముందే లేస్తున్నాయి. వీటిని ఎట్లా పోనివ్వమంటారు?"

ఇసుకలో కూలబడి ఏడ్చింది. పెళ్ళయి వచ్చాక ఆ పిల్ల నా ఎదుట ఏడవడం అదే మొదలు. రెండుసార్లు పోయినప్పుడు కూడా ఏడవలేదు. గుండె రాయి చేసుకుందని మేమందరం మెచ్చుకున్నాం. ఆ రోజుల్లో ఏడవాల్సిందంతా దాచుకుని, ఈ నాలుగు వరసల ముందు కూర్చుని ఏడ్చింది. నా నాలుక మీద ఉన్న తిట్లు ఎటు పోయాయో పోయాయి. పక్కన కూర్చుని, తల నా ఒళ్ళోకి లాక్కున్నాను.

కథ దాచుకుని దాచుకుని చెప్పే ఓపిక నాకు లేదు. మీరు కంగారుపడుతుంటే నాకు బాగుండదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను. వైశాఖంలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. దానికి ముందే మాఘం చివర ఉల్లి పీకాం. అప్పటికి దేవుళ్ళూ అక్షరాలూ ఇసుకలో కలిసిపోయి, వెతికినా చిన్న ముక్క దొరకలేదు. పాయ కొరికితే చెరుకు ముక్కలా ఉందని జనార్దనరావుగారు హోటల్లో అందరికీ పంచాడట. ఆ బోడి నాలుగు వరసలవి మాత్రం ముక్కు పగిలేంత ఘాటు. అయినా ఒక్కటీ చావలేదు. వాటికి రోజూ నీళ్ళు పోసింది నేను. చెంబుతో పోశాను, నా మోకాళ్ళు ఒప్పుకున్నంత. మా ఇంట్లో వండుకోవడానికి అవే ఉంచుకున్నాం.

కానీ ఆ మధ్యాహ్నం నాకు ఇవేవీ తెలియవు. ఒళ్ళో ఏడుస్తున్న పిల్ల ఉంది. దాని కడుపులో ఉన్న ప్రాణం ఉంటుందో ఉండదో తెలియదు. దాని పాదాలు చూశాను. నీరు పట్టి ఉబ్బి, వేళ్ళ సందుల్లో ఇసుక అంటుకుని ఉన్నాయి. ఎప్పటినుంచి ఉబ్బాయో, రోజంతా చీర కింద దాచుకుంది.

ఆ పిల్లను లేపి, బోడి వరసల మొదట గట్టు మీద కూర్చోబెట్టాను. కడవ దగ్గరకు జరుపుకున్నాను. కళ్ళు తుడుచుకుంటూ అది తల ఎత్తి, నా వెనక మడిని చూసింది. నేను వచ్చిన దారి పొడుగునా తెల్ల కాగితాలు చిరిగి, నలిగి, నా మడమలు దిగబడిన గుంటలు.

"అత్తయ్యా" అంది భయంగా. "మీరు కాయితాలు తొక్కారండి."

నేనూ వెనక్కి తిరిగి చూశాను. నిజమే. ఒకచోట కాగితం లేచిపోయి, కింద ఏ అమ్మవారిదో చెయ్యి, అభయం ఇస్తూ కనిపిస్తోంది. వంగి తాకి కళ్ళకద్దుకోవాలి. అంత దూరం మళ్ళీ వెళ్ళి అన్నిటికీ అద్దుకోవాలి. కానీ ఈ పిల్ల కాళ్ళు నా ముందున్నాయి.

"తొక్కాను. ఇంకా తొక్కుతాను. కాలు ఇటు చాపు."

"ఎందుకండి?"

"చాపమన్నాను కదా."

నేను నీళ్ళు దోసిట పట్టడం చూసి, అర్థమై, కాళ్ళు వెనక్కి లాక్కుంది. "వద్దండి! మీరు నా కాళ్ళు కడగడమేంటి? నాకు పాపం తగులుద్ది."

"నీకెందుకు తగులుద్దే? సరస్వతిని తొక్కిందాన్ని నేను. నీ పాపం కూడా నా మూటలోనే పడెయ్యి. ఈ నీళ్ళు వరసలోకే పోతాయి, ఒక్క చుక్క వృథా కాదు. కాలు చాపు."

నా ముఖంలోకి చూసి, కుడికాలు మెల్లగా నా వైపు చాపింది. రెండు చేతులా పట్టుకుని, వేళ్ళ సందుల్లో ఇసుక పోయేదాకా కడిగాను.